పెద్దపేరు దుబాసిని ఎవరు మార్చారు?

గురువారం మధ్యాహ్నం పన్నెండూ నలభై.

సార్జెంట్ సితాలి బల్ల మీద ఒక టెలిఫోను, ఒక గడియారం, మీగడ కట్టిన టీ. బల్లకి అవతల పీట మీద ఫెలిస్టస్ సిల్వాంబా. మూడింటికి వ్యాను వస్తుంది. ఎక్కితే మేజిస్ట్రేటు, అక్కడినుంచి రిమాండు జైలు. అక్కడి ఆడవాళ్ళ గదిలో విచారణ కోసం ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళని చూశాను. కొందరికి తాము ఏ కేసులో వచ్చామో కూడా గుర్తు లేదు.

"ఇరవై నిమిషాలు ఇస్తున్నా కపాసా," అన్నాడు సితాలి. "అదీ నిన్ను ఆరా తియ్యడానికి పెట్టుకున్న గని యూనియన్ మొహం చూసి. నీ మొహం చూసి కాదు."

"నా మొహం చూసి మా ఆవిడే ఏమీ ఇవ్వలేదు. నువ్వేం ఇస్తావులే."

ఫెలిస్టస్ తల ఎత్తలేదు. నలభై నాలుగేళ్ళ మనిషి. పంతొమ్మిదేళ్ళుగా కాలుసేంబా రాగిగని కంప్యూటర్లన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. అత్తగారి చావుకని సోమవారం సాయంత్రం కట్టుకున్న చిటెంగే గుడ్డ ఇంకా నడుముకి అలాగే ఉంది. బుధవారం ఉదయం పదకొండింటికి చావింట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నదాన్ని లేపి పట్టుకొచ్చారు. లామెక్ కటెబే అనే పంపు మనిషి ప్రాణం పోవడానికి ఆమే కారణమట.

"నాకు అర్థమయ్యేలా చెప్పు మపాలో అమ్మా. ఆరో తరగతి మధ్యలో లేచొచ్చినవాణ్ణి." మపాలో ఆమె బిడ్డ; మా వైపు తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తాం.

"లేచొచ్చారా, లేపి పంపారా అన్నయ్యా?"

అంత కష్టంలో కూడా నన్ను నవ్వించబోయింది. నాకు నవ్వు రాలేదు. గడియారం వైపు చూశాను.

"మిషన్‌లో మనందరికీ తలా ఒక పేరు ఉంటుంది," అంది. "అన్నిటికీ పైన ఒక పెద్దపేరు. రూట్ అంటాం. ఆ పేరుతో లోపలికెళ్తే అడ్డు లేదు. పంపులు నడపొచ్చు, ఆపొచ్చు, మిషన్నే చంపొచ్చు. కాని దానికి మన మాట తెలీదుగా. మధ్యలో ఒక దుబాసి ఉండాలి. మనం కొట్టింది విని దానికి చెప్పేవాడు. అదే షెల్. ఒక్కో పేరుకి ఒక్కో దుబాసిని కట్టిపెడతాం. మనం లోపలికి రాగానే వాడు ఎదురొచ్చి నిలబడతాడు."

"రాకపోతే?"

"గెంటేస్తుంది. పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా సరే, మాట్లాడేవాడు లేడని గెంటేస్తుంది."

బుధవారం జరిగింది అదే. తెల్లవారి ఐదూ యాభైరెండుకి ఒకటో షాఫ్టుకి, అంటే గనిలోకి దిగే మొదటి బావికి, కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో జనరేటరు లేచింది. దాంతోపాటు మిషనూ లేచింది. గనిలో ఊరే నీళ్ళు తోడే పంపులు మాత్రం లేవలేదు. పెద్దపేరుతో ఎవరో లోపలికెళ్ళి నడవమని చెబితే తప్ప కరెంటు పోయాక అవి కదలకూడదని రూలు. షిఫ్టు బాసు సీలు కవరు చించి పాస్‌వర్డు కొట్టాడు. గెంటేసింది. మళ్ళీ కొట్టాడు. పదకొండుసార్లు కొట్టాడు. తప్పు తన వేళ్ళదే అనుకున్నాడు పాపం. ఆరూ నలభైకి కటెబే నిచ్చెన మీదుగా దిగి, చేత్తో పంపు తిప్పుతానని వెళ్ళాడు. అతను తిప్పేలోగా నీళ్ళు వచ్చేశాయి.

"దుబాసి ఎందుకు రాలేదు?"

"ఎవరో మార్చారు కాబట్టి. పెద్దపేరుకి మొదటినుంచీ పాతవాడే ఉన్నాడు. మొరటోడు. నిమిషం కింద చెప్పింది గుర్తుంచుకోడు. ఒక్క అక్షరం తప్పితే మొదటినుంచి చెప్పమంటాడు. కాని మొదటి డిస్కులో, మిషను గుండెలోనే కూర్చుంటాడు. మిషను లేస్తే వాడూ లేస్తాడు. కొత్తవాడు సుఖం. అన్నీ గుర్తుంచుకుంటాడు. సగం చెబితే మిగతా సగం వాడే పూర్తి చేస్తాడు. కుర్రాళ్ళు పెద్దపేరుకి కూడా వాణ్ణే పెట్టమని నా ప్రాణం తీస్తారు."

"పెడితే ఏమవుతుంది?"

"మామూలు రోజుల్లో ఏమీ కాదు. గొడవంతా అదే. కొత్తవాడు ఉండేది రెండో డిస్కులో. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండో డిస్కు దానంతటది కలవదు. పెద్దపేరు లోపలికొచ్చి, బాగుందో లేదో చూసి కలపాలి. మరి పెద్దపేరు లోపలికి రావాలంటే..."

"దుబాసి రెండో డిస్కులో ఉన్నాడు. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు."

"ఆరో తరగతి చాలండీ మీకు," అంది. "ఇంకో దారి లేకపోలేదు. మిషన్ని మళ్ళీ ఆపి, ఒంటరిగా లేపి, మెల్లగా మాట్లాడించాలి. ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ దారి తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. నా ఫోనేమో చావింట్లో ఆపేసి ఉంది." పెదవి కొరుక్కుంది. "అందుకే అందరికీ ఒకటే చెబుతాను. సుఖం కావాలంటే ఇంకో పేరు పెట్టుకోండి. దానికి ఏ దుబాసినైనా కట్టుకోండి. పెద్దపేరు జోలికి మాత్రం పోవద్దు. అది మంచిరోజుల కోసం ఉన్నది కాదు."

"నువ్వెప్పుడూ పోలేదా?"

తన చేతుల వైపు చూసుకుంది. పది వేళ్ళకీ నల్లటి సిరా. పొద్దున వేలిముద్రలు తీసినట్టున్నారు.

"ఒక్కసారి. పన్నెండేళ్ళ కింద. హాజరు మిషన్ మీద మార్చాను, సుఖంగా ఉంటుందని. కరెంటు పోయింది. ఎవరు కిందున్నారో ఎవరు పైకొచ్చారో రోజంతా తెలీలేదు. ఆడవాళ్ళొచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఆ మొహాలు చూసినదాన్ని అన్నయ్యా. మళ్ళీ ముట్టుకుంటానా?"

ఈ ముక్కే ఆమె మెడకి ఉరి. ఒకసారి చేసిన మనిషి రెండోసారి చెయ్యదా అంటున్నారు. పైగా ఒకటో షాఫ్టు మిషన్లో దుబాసి మారింది సోమవారం సాయంత్రం నాలుగూ నలభైకి. అప్పుడామె ఆ భవనంలోనే ఉంది. ఆడవాళ్ళ గదిలో చిటెంగే కట్టుకుంటున్నానంటుంది. చూసినవాళ్ళు లేరు.

"ఎవరు మార్చారో మిషన్ రాసిపెట్టదా?"

"ఎప్పుడు మారిందో తెలుస్తుంది. ఎవరు మార్చారో రాసే చిట్టా పోయిన నెలలో ఆపించారు. మిషన్‌కి బరువవుతోందట."

"ఎవరు ఆపించారు?"

"సెక్యూరిటీ చీఫ్, జెరె గారు."

ఆ పేరు గుర్తుపెట్టుకున్నాను. కాని దానికన్నా ముందు ఇంకో ప్రశ్న నాలుక మీదికొచ్చింది.

"ఒకటో షాఫ్టు మిషన్ మీద మార్చారు సరే. రెండో షాఫ్టు మిషన్ ఎవరైనా చూశారా?"

ఫెలిస్టస్ నా వైపు చూసింది. తర్వాత నన్ను వదిలేసి సితాలి వైపు తిరిగింది. "ఇవాళ రెండో షాఫ్టుకి కరెంటు కోత ఎన్నింటికి సార్?"

సితాలి గోడకి అంటించిన కోతల కాగితం మీద వేలు పెట్టి చదివాడు. "రెండింటికి."

"అక్కడ నీళ్ళు తొందరగా వస్తాయి," అంది గొంతు తగ్గించి. "పంపులు ఆగితే తొమ్మిది నిమిషాలే గడువు. ఇరవై నిమిషాల దారి పనికిరాదు."

"కింద ఎంతమంది ఉంటారు?"

"పగటి షిఫ్టు అరవైనాలుగు మంది."

పన్నెండూ యాభైఎనిమిది.

"ఏం బావా, కోతిమాంసం అరిగిందా?"

గుమ్మంలో జెరె. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ చొక్కా, బూట్ల మీద ఎర్రదుమ్ము చుక్క లేదు. మా బెంబా తెగకీ వాళ్ళ న్గోనీ తెగకీ తాతలనాటి నుంచి వేళాకోళపు వరస. ఒకప్పుడు ఈటెలతో పొడుచుకున్నాం, ఇప్పుడు మాటలతో సరిపెట్టుకుంటాం. ఎంత మాటన్నా అవతలివాడికి కోపం రాకూడదు. శవం ఇంట్లో ఉండగా కూడా ఈ వరస ఆగదు.

"అరిగింది బావా. మీరు తినే ఎలకలే అరగవు, తోకలు అడ్డం పడతాయి," అన్నాను. "నీతో పని పడింది. రెండో షాఫ్టు మిషన్ చూడాలి. ఇప్పుడే."

"మిషన్ చూసి నువ్వేం చేస్తావ్? తోక పట్టుకుని ఊగుతావా?"

"పెద్దపేరుకి దుబాసి ఎవరో చూస్తాను."

నవ్వు అతని మొహం మీదే ఉంది గాని కళ్ళలోంచి దిగిపోయింది. "ఈవిడ మాట పట్టుకునా? నేరం చేసినావిడ చెబితే ఆ రెండో షాఫ్టుకి పోయి మీటలు నొక్కుతావా? సార్జెంట్ గారూ, తమాషాగా లేదూ?"

సితాలి తమాషాగా లేదన్నట్టు టీ పక్కకి జరిపాడు. "చూస్తే పోయేదేముంది చీఫ్? అరవైనాలుగు మంది."

"చూపించడానికి నాకేం అడ్డం? పెద్దపేరు పాస్‌వర్డు నిన్న మధ్యాహ్నం నేనే మార్చాను, రెండు మిషన్లకీ. ఇప్పుడది ఈ బుర్రలో తప్ప ఎక్కడా లేదు." వేలితో కణత మీద కొట్టుకున్నాడు. "కాని పద్ధతి ఉంటుంది. పర్మిషన్ కాగితం కావాలి."

రేపు గని పెద్దల మీటింగు. పాత మిషన్లన్నీ పీకేసి కొత్తవి పెట్టాలా వద్దా అన్నది తేలుస్తారు. ఆ కొత్తవి తెచ్చే కంపెనీకి ఇక్కడి ఏజెంటు జెరె చెల్లెలి మొగుడు. ఈ సంగతి ఊళ్ళో పకోడీలమ్మే ముసలమ్మకి కూడా తెలుసు. ఒక్క చావుతో పెద్దలు ఇంకా ఎటూ తేల్చక ఊగుతున్నారు. ఇంకో ప్రమాదం జరిగితే కొనక తప్పదు. ఈ మాట అతని మొహం మీదే అన్నాను.

"బావా," అన్నాడు మెల్లగా, "వేళాకోళానికీ హద్దుంటుంది."

మా వరసలో అనకూడని మాట అదొక్కటే. అతని నోట అది వచ్చేసరికి నాకు మొదటిసారి భయం వేసింది.

సితాలి తొందరపెడితే ఒంటిగంటా రెండుకి జెరె, నేను స్టేషన్లోంచి బయటపడ్డాం. ఒంటిగంటా పధ్నాలుగుకి గేటు. అక్కడ జెరె పర్మిషన్ కాగితం రాయించడానికి మేనేజరు దగ్గరికెళ్ళాడు. ఒంటిగంటా ఇరవై. ఇరవై ఐదు. నేను షాఫ్టు దగ్గర మనుషుల్ని దించే లిఫ్టు నడిపేవాణ్ణి పట్టుకుని కిందివాళ్ళని పైకి లాగమన్నాను. అతను ఫోను అందుకున్నాడు. అంతలో జెరె వెనకనుంచి వచ్చి ఆ ఫోను తీసి దాని చోట పెట్టేశాడు.

"కరెంటు కోత ఉందని పని మానేస్తే నెలకి ఇరవై రోజులు మానాలి. ఈ ముసలి కోతి మాట విని బెదురుతావేరా?"

"ఒక్క మనిషి పోయినా నీ పేరు రాస్తాను," అన్నాను.

"రాయడం వచ్చా?"

లోపలి గేటు దగ్గర మా సెల్‌ఫోన్లు తీసుకుని పెట్టెలో వేశారు. కంట్రోల్ రూముల్లోకి అవి తీసుకెళ్ళనివ్వరు. హెల్మెట్ పెట్టుకున్నాం, సంతకాలు పెట్టాం. జెరె తాళంచెవుల గుత్తిలో సరైన చెవి దొరక్క మూడుసార్లు వెతికాడు. ఇరవై ఏళ్ళ నుంచి మోస్తున్న గుత్తి. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఒంటిగంటా ముప్పైఎనిమిదికి తలుపు తెరుచుకుంది.

గదిలో చూడాల్సింది ఎక్కువ లేదు. బీరువాలాంటి ఇనప పెట్టెలో మిషను, ఒక తెర, ఒక కీబోర్డు, గోడకి టెలిఫోను, పంపుల దీపాలు ఆరు. ఆరూ పచ్చగా వెలుగుతున్నాయి. కిటికీ సందులోంచి ఎర్రదుమ్ము వస్తూనే ఉంది. బల్ల మీద వేలు పెట్టి గీశాను. గీత పడింది. కుర్చీ చేతుల మీద దుమ్ము. తెర మీద దుమ్ము. కీబోర్డు మీద ఒంగి చూశాను. అంచుల మీద దుమ్ముంది. నడిమి అక్షరాల మీద లేదు.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఈ గది తాళం వేసే ఉందా?"

"ఉంది. నిన్న పాస్‌వర్డు మార్చింది ఈ కీబోర్డు మీదే. అందుకే శుభ్రంగా ఉంది. ఇంకేమైనా కనిపెట్టావా?"

"నిన్నటి నుంచి పడ్డ దుమ్ము కుర్చీ మీద పడింది, తెర మీద పడింది. ఈ మీటల్ని మాత్రం ఎందుకు వదిలేసింది?"

జెరె నన్ను పక్కకి నెట్టి, కీబోర్డుకి వీపు అడ్డం పెట్టి, పాస్‌వర్డు కొట్టాడు. "కానీ. చూసుకో. రెండు నిమిషాలు."

గోడమీది టెలిఫోను తీసి స్టేషన్‌కి కలిపాను. ఒంటిగంటా నలభైమూడు. సితాలి ఎత్తాడు. నేను ఒక్క మాట కూడా వ్యర్థం చెయ్యలేదు, అతనూ చెయ్యలేదు. ఫోను ఫెలిస్టస్‌కి ఇచ్చాడు.

"ఏం కొట్టమంటావో చెప్పు."

చెప్పింది. ఒక్కో అక్షరమే చెప్పింది. నా వేళ్ళు పానా పట్టుకోవడానికి పుట్టినవి. ఒక్కో మీట వెతికి నొక్కాను. రెండుసార్లు తప్పాయి. మిషను కసిరింది. మూడోసారి తెర మీద రెండు వరుసలు వచ్చాయి.

"ఏం కనపడుతోంది అన్నయ్యా?"

పన్నెండేళ్ళు పంపు లెక్కలు రాసినవాణ్ణి. అంకెలు నాకు బాగానే వచ్చు. ఆ అంకెలు చూశాను. చూసి, కళ్ళు నులుముకున్నాను.

"అక్షరాలు ఆగడం లేదు తల్లీ. కళ్ళజోడు ఫోనుతోపాటు ఆ పెట్టెలో వేశారు." తల తిప్పాను. "బావా, నువ్వు చదువు. నా వల్ల కావడం లేదు."

జెరె నోటి తీట ఊరుకోనివ్వదు. అవకాశం దొరికితే పీక్కుతింటాడు. "చూశారా, బడి ఎగ్గొట్టిన కోతి డిటెక్టివ్ అయితే ఇలాగే ఉంటుంది!" అన్నాడు. నా చేతిలో ఫోను ఉన్న వైపు ఒంగాడు. "మీ అన్నయ్యకి అక్షరాలు దిద్దిస్తున్నానమ్మా, నువ్వూ విను." పంతులు పిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా సాగదీసి, గది మోగేలా చదివాడు. "పె-ద్ద-పే-రు. దుబాసి, కొ-త్త-వా-డు, రెండో డిస్కు. మారింది ఎప్పుడు? గు-రు-వా-రం. పదకొండు గంటల, ఐదు నిమిషాలు. ఇప్పుడు నాతోపాటు చెప్పు, పిల్లాడా!"

నేను తెర మీది గంట వంకే చూశాను.

గురువారం అంటే ఇవాళ. ఇవాళ పదకొండూ ఐదుకి ఫెలిస్టస్ లాకప్పులో ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి పాస్‌వర్డు ఒక్కడి బుర్రలోనే ఉంది. ఆ ఒక్కడే నా పక్కన నిలబడి నవ్వుతున్నాడు. నవ్వు మెల్లగా ఆగింది. తను చదివింది తన చెవికి అప్పుడు చేరినట్టుంది.

ఒంటిగంటా నలభైఎనిమిది.

"మార్చు మరి," అన్నాడు. గొంతు మారింది. "ఏం చూస్తున్నావ్? రెండు కావస్తోంది. అరవైనాలుగు మంది అన్నావుగా. మార్చు!"

నలభై నిమిషాలు కాగితమనీ తాళంచెవనీ నన్ను ఆపినవాడు ఇప్పుడు తొందరపెడుతున్నాడు. ఎందుకో తెలియక ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"మపాలో అమ్మా, పాతవాణ్ణి పెట్టేస్తే ఏమవుతుంది?"

"కరెంటు పోయినా పెద్దపేరు లోపలికి వస్తుంది. పంపులు లేస్తాయి."

"అది కాదు. ఇందులో రాసి ఉన్న గంట ఏమవుతుంది? పదకొండూ ఐదు?"

"పోతుంది. మీరు మార్చిన గంట పడుతుంది. మిషను ఆఖరి గంటనే ఉంచుకుంటుంది."

"నువ్వు కాదని చెప్పే సాక్షి అదొక్కటే."

"తెలుసు."

"ఇంకో దారి ఉందా? నకలు తియ్యడం లాంటిది?"

"నకలు తీసింది మీరే అవుతారు. తీసిన గంట మీదే అవుతుంది. ఎవరు నమ్ముతారు? పైగా కోత చెప్పిన టైముకే వస్తుందని రాసిచ్చారా?" గొంతు ఒక్కసారిగా కరుకైంది. "మార్చండి అన్నయ్యా. నా గురించి తర్వాత చూడొచ్చు. అక్కడ నీళ్ళు తొమ్మిది నిమిషాల్లో వస్తాయి."

జీవితంలో చాలామందికి చాలా రుణపడ్డాను. ఎవరికీ తీర్చలేదు. ఈ మనిషి తన దగ్గర ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా చేత్తో చెరపమంటోంది. అదీ అరుస్తోంది, త్వరగా చెరపలేదని.

"చెప్పు," అన్నాను. ఫోనుని బల్ల మీద పడుకోబెట్టాను. ఆమె గొంతు అందులోంచి సన్నగా వస్తోంది. జెరె నా భుజం మీదుగా ఒంగాడు.

"సీ. హెచ్. ఎస్. హెచ్. ఖాళీ వదలండి. అడ్డగీత. ఎస్. ఖాళీ. ఏటవాలు గీత. బీ, ఐ, ఎన్. మళ్ళీ ఏటవాలు గీత. ఎస్, హెచ్. ఖాళీ. ఆర్, ఓ, ఓ, టీ. ఆగండి. నొక్కకండి. మొదటినుంచి నాకు చదివి వినిపించండి."

నేనే చదివాను. ఒక్కో అక్షరం. కళ్ళజోడు లేకుండానే. వెనక జెరె ఊపిరి ఒక్క క్షణం ఆగింది.

"సరిగ్గా ఉంది. నొక్కండి."

నొక్కాను. మిషను ఏమీ అనలేదు. "అనకపోతే మంచిదే," అంది. "ఇప్పుడు తెర మీది ఆ కిటికీ మూయకండి. అది మన చేతిలో ఉండాలి. రెండో కిటికీ తెరిచి పెద్దపేరుతో మళ్ళీ వచ్చి చూడండి. గుమ్మం దాటాక తాళంచెవి తిరగలేదంటే ఏడ్చినా లాభం లేదు."

జెరె మళ్ళీ పాస్‌వర్డు కొట్టాడు. ఈసారి వీపు అడ్డం పెట్టడం కూడా మర్చిపోయాడు. పాత దుబాసి వచ్చి నిలబడ్డాడు. పలకరింపు లేదు, రంగు లేదు. ఒక్క గుర్తు, దాని పక్కన ఖాళీ.

ఒంటిగంటా యాభైనాలుగు.

యాభైఏడుకి కరెంటు పోయింది. మూడు నిమిషాలు ముందు.

ఆరు పచ్చదీపాలూ ఒక్కసారి ఆరాయి. తెర చచ్చిపోయింది. గోడ అవతల జనరేటరు దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది, పట్టుకుంది. తెర మీద అక్షరాలు పరిగెత్తాయి. అవి ఆగేదాకా మూడు నిమిషాలు. నీళ్ళిచ్చిన తొమ్మిదిలో మూడు అయిపోయాయి. జెరె పాస్‌వర్డు కొట్టాడు. తప్పు కొట్టాడు. రెండోసారి కొట్టాడు.

గెంటలేదు.

ఫెలిస్టస్ చెప్పింది, నేను కొట్టాను. రెండో డిస్కు కలిసింది. పంపుల మాట కొట్టాను. ఒక దీపం. రెండు. మూడోది చాలాసేపు ఎర్రగా ఉండిపోయింది. పచ్చబడింది. నాలుగు, ఐదు, ఆరు. గది నేల కింద ఎక్కడో లోతునుంచి సన్నటి అదురు నా అరికాళ్ళకి తెలిసింది. రెండూ మూడు.

కుర్చీలో కూలబడ్డాను.

జెరె జేబురుమాలు తీసి కీబోర్డు తుడవబోయి, ఆగి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి చాచి మొదట కొట్టిన రెండు వరుసలూ మళ్ళీ తెప్పించాడు. దుబాసి, పాతవాడు. గంట, ఒంటిగంటా యాభైనాలుగు.

"చూడు బావా," అన్నాడు. పాత వేళాకోళం తిరిగొచ్చింది. "ఈ మిషన్లో పెద్దపేరుని ముట్టుకున్నది ఎవరయ్యా అంటే ఒంటిగంటా యాభైనాలుగుకి నువ్వు. నేను కళ్ళారా చూశాను. అక్కడ ఆవిడ, ఇక్కడ నువ్వు. ఆవిడ ఫోనులో చెప్పింది, నువ్వు కొట్టావు. ఇద్దరూ కూడబలుక్కున్నారని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది." తలుపు దగ్గరికి వెళ్ళి లోపలినుంచి తాళం వేశాడు. ఈసారి సరైన చెవి ఒక్కసారికే దొరికింది. "మూడింటి వ్యానులో ఇంకో చోటు ఉంచమని చెబుతా. కోతులకి కిటికీ పక్కన ఇష్టం కదా."

"పదకొండూ ఐదు అని నువ్వే చదివావు."

"ఎవరు విన్నారు? నువ్వూ, ఆ దొంగముండా. ఏ కోర్టు నమ్ముతుంది?"

నేను బల్ల మీదికి చూశాను. అతను నా చూపు వెంట చూశాడు. ఫోను ఇంకా పడుకునే ఉంది. గోడ తీగకి కరెంటుతో పనిలేదు. అందులోంచి ఎవరో దగ్గారు. ఆడమనిషి దగ్గు కాదు.

తీసి చెవికి పెట్టుకున్నాను.

"కపాసా." సార్జెంట్ సితాలి. మాటకి మాటకి మధ్య పెన్ను గీసుకునే చప్పుడు. "నా బల్ల మీది ఫోనుకి స్పీకరు ఉంది. ముద్దాయి మాట్లాడితే నేను వినాలి, అది రూలు. మొదటినుంచీ రాస్తున్నా. ఇవాళ పదకొండూ ఐదుకి ఈవిడ పది వేళ్ళూ నా చేతిలో ఉన్నాయి, సిరాలో ముంచుతున్నా. నా పుస్తకంలో గంట వేసి ఉంది. ఈవిణ్ణి ఏ వ్యానూ ఎక్కించను." కాగితం తిప్పాడు. "ఇక్కడొక ఖాళీ ఉండిపోయింది. గంట చదివి వినిపించిన ఆ మగగొంతు ఎవరిది? నేను ఊహించి రాయకూడదు. అక్కడున్నవాడు పేరు చెప్పాలి."

నోరు తెరిచాను.

పేరు బయటికొచ్చేలోపే జెరె వేలు ఫోను కొక్కెం మీద పడింది. లైను తెగి గీ... మని చెవిలో మోత. రెండో చెయ్యి నా వెనక గోడకి తగిలించిన పొడుగాటి పానాని అందుకుంటోంది. గదికి తాళం వేసి ఉంది. అతని మొహంలో వేళాకోళం ఎక్కడా లేదు.